బోరు, భగీరథ నల్లా ఒకే పైపుకు కలిపితే ఎన్‌ఆర్‌వి కాపాడుతదా?

తమ్మీ, నీ పోస్టు రెండు సార్లు చదివిన. నాకు అర్థమైంది ఏందంటే మీ ఇంట్ల బోరు ఉంది, మిషన్ భగీరథ (సర్కారు ఇంటింటికి ఇచ్చే నీళ్ల పథకం) నల్లా ఉంది, ప్లంబరు రెంటినీ ఒక టీ (మూడు మూతుల జాయింటు) పెట్టి కలిపి ఒకటే పైపు మీది ట్యాంకుకు తీస్కపోయిండు, నల్లా సైడు ఒక ఎన్‌ఆర్‌వి (నీళ్లను ఒక్క దిక్కుకే పోనిచ్చే వాల్వు) బిగించిండు, ప్రెషర్ సరిపోతలేదని సగం హెచ్‌పీ మోటరు డైరెక్టుగ నల్లాకే పెట్టిన్రు. ఇప్పుడు నాలుగు రోజుల సంది నల్లా మొదలైనంక పది నిమిషాలు నీళ్లు మోరి వాసన కొడుతున్నయి, ఇంకో దిక్కు పక్కింటోళ్లు మీ బోరు నీళ్లు మా బిందెల్లకు వస్తున్నయని లొల్లి పెడుతున్నరు. ఎన్‌ఆర్‌వి ఉన్నంక ఎట్ల వస్తయి, వాళ్లు ఉత్తగ అంటున్నరా, ఇంకో ఎన్‌ఆర్‌వి పెడితే సరిపోతదా అని నీ డౌటు.

ఉత్తగ అంటలేరు. ఇంకో ఎన్‌ఆర్‌వి పెట్టినా సరిపోదు. ఆ టీ పీకెయ్యాలె, ఆ మోటరు నల్లా మీదకెల్లి తీసెయ్యాలె, నల్లా నీళ్లు పైనుంచి కింద పడేటట్టు ఒక సంపుల పోసుకోవాలె. జవాబు ఇంతే, పనిల ఉన్నోళ్లు ఇక్కడికే ఆపి ప్లంబర్‌కు ఫోన్ చెయ్యొచ్చు. ఎందుకు అని అడిగేటోళ్లకు కింద రాస్తున్న, కొంచెం పొడుగైతది. నేను 31 ఏండ్లు ఈ నీళ్ల పనిల్నే ఉన్న, మొదట వాల్వులు తిప్పేటోన్ని, తర్వాత లైన్ పనులు చూసేటోన్ని, దేవరకొండ దిక్కు, మర్రిగూడ దిక్కు, అటు కల్వకుర్తి దాంక తిరిగిన.

మనోళ్లందరికీ ఒక నమ్మకం ఉంటది, నల్లా అంటే నీళ్లు ఇచ్చేది, బంద్ అయినంక అది ఉత్త పైపు అని. కాదు. నీళ్లు బంద్ అయినంక అదే పైపు గుంజుతది. మన ఊర్లల్ల పొద్దుగాల గంట, మాపటికి గంట నీళ్లు ఇడుస్తరు, మిగిలిన టైమంత లైను ఉట్టిగనే ఉంటది. ట్యాంకు కాడ వాల్వు బంద్ చేసినంక పైపుల ఉన్న నీళ్లు ఎక్కడికి పోతయి? కింది వాడల ఎవరో ఒకరు నల్లా తెరిచే ఉంచుతరు, ఆడికెల్లి కారిపోతనే ఉంటయి. కింది వాడ, మీది వాడకంటే 5 మీటర్లు పల్లంల ఉంటే, ఆ కారిపోయే నీళ్లు మీది వాడ పైపుల సుమారు అర బార్ (బార్ అంటే ప్రెషర్ కొలత) దాంక గుంజుడు పుట్టిస్తయి. మీది వాడల నల్లాకు చెయ్యి అడ్డం పెడితే అరచేయి చర్మం లోపలికి గుంజినట్టు తెలుస్తది, మా వాటర్‌మెన్లందరికీ ఇది తెలిసిందే. ఆ టైంకు ఆ నల్లాకు తగిలించిన పైపు ఎందులనన్న మునిగి ఉంటే, దాంట్ల ఉన్నది లైన్లకు పోతది. మళ్ల నీళ్లు ఇడిసినప్పుడు అది ఎవరి బిందెల్లకు పోతదో ఎవరికీ తెల్వదు, సాధారణంగ కింది వాడోళ్ల బిందెల్లకే పోతది.

నేను కండ్లార చూసింది చెప్త, ఊరి పేరు అడగకు. ఒక ఊర్ల కింది వాడ ఆడోళ్లు నాలుగు బిందెలు తెచ్చి పంచాయతీ ముందట పెట్టిన్రు, నీళ్ల మీద సన్నగ ఏదో తేలుతుంది, పసుపు పచ్చగ, ఏలుతోని తీసి నలిపి చూస్తే తవుడు. పచ్చి తవుడు. మొదలు పుల్లటి వాసన కూడా వచ్చింది. ట్యాంకుల తవుడు ఎట్ల పడ్డది, ఎవడో కావాలని ఏసిండు అని ఊరంత గరం అయింది, ట్యాంకు ఎక్కి చూస్తే లోపల అద్దం లెక్క ఉంది. రెండు రోజులు తిరిగినంక మీది వాడల ఒక ఇంట్ల దొరికింది. పెద్దమ్మ ఒకామె బర్రెలకు కుడిది గోలెం నింపుతందుకు నల్లాకు పచ్చ పైపు పెట్టి కొస గోలెంల ముంచి ఇడిసిపెడ్తది, నీళ్లు రాంగ నిండుతది, బంద్ అయినంక పైపు తీసే అలవాటు లేదు, మళ్ల పొద్దున ఎట్లయినా పెట్టేదే కదా అని. గోలెం లోపల గోడకు కుడిది మరక నిండా ఉన్నప్పటి గీత ఒకటి, దానికి నాలుగు వేళ్ల మందం కిందికి ఇప్పుడున్న నీళ్లు. "అమ్మా, రాత్రి బర్రెలు తాగినయా" అంటే "లేదు బిడ్డా, బర్రెలు కొట్టంలనే ఉన్నయి, గోలెం ఎక్కడ్నో పగిలినట్టుంది, రోజు దిగుతుంది, సిమెంటు పూయించాలె" అన్నది. గోలెం పగల్లేదు. ఆ నాలుగు వేళ్ల మందం కుడిది కింది వాడ తాగింది.

ఆమె తప్పేం లేదు, ఆమెకు ఎవరు చెప్పిన్రు? అదే గోలెం కాడ కుడిదికి బదులు పత్తి మందు కలిపిన డ్రమ్ము ఉంటే ఎట్లుండునో ఆలోచించు. మన దిక్కు పత్తి, మిర్చి, బత్తాయి తోటలు అంతట ఉన్నయి, సీజన్ల స్ప్రేయర్ డ్రమ్ముల మందు ముందే పోసి, మీదికెల్లి నల్లా పైపు ముంచి నింపుడు నేను లెక్కలేనన్ని సార్లు చూసిన. పైపు కొస మందుల మునగొద్దు, డ్రమ్ము అంచుకు జానెడు మీద బైండింగ్ వైరుతోని కట్టాలె, మందు ఆఖరికి పొయ్యాలె. అంతకంటే ఖర్చు లేని పని ఇంకొకటి లేదు.

ఇది గుంజుడు సంగతి. రెండోది నెట్టుడు, అదే మీ ఇంట్ల జరిగేది.

మీ మీది ట్యాంకు రెండో అంతస్తు స్లాబ్ మీద స్టాండు పెట్టి ఉంటే నల్లా మట్టం నుంచి సుమారు 9 మీటర్ల ఎత్తు అనుకో. 10 మీటర్ల నీళ్ల ఎత్తు అంటే దగ్గర దగ్గర ఒక బార్. అంటే మీ ట్యాంకు పైపు పొద్దందాక నల్లా దిక్కు 0.9 బార్‌తోని తోస్తనే ఉంటది, బోరు మోటరు నడిస్తే ఇంకా ఎక్కువ. వీధి లైన్ల ప్రెషర్ ఎంత? నీళ్లు ఉన్నప్పుడు కూడా కొసకున్న ఇండ్లల్ల మూడు నాలుగు మీటర్లు దాటదు, లేనప్పుడు సున్న, మీది వాడ అయితే సున్న కంటే కింద. నీళ్ల పథకాలు డిజైన్ చేసే 1999 మాన్యువల్ల ఒక్క అంతస్తు ఇండ్లకు కనీసం 7 మీటర్లు ఉండాలె అని ఉంటది, రాతల ఉంటది. ఇగ ఈ 0.9 బార్‌కు, ఆ సున్నకు నడుమ అడ్డం ఉన్నది ఒక్క ఎన్‌ఆర్‌వి.

ఎన్‌ఆర్‌వి అంటే ఏంది? ఇత్తడి డబ్బాల ఒక చిన్న రేకు తలుపో, స్ప్రింగ్ మీద కూసున్న రబ్బరు బిళ్లో. కొత్తగ ఉన్నప్పుడు మంచిగనే ఆపుతది. కాని మన బోరు నీళ్లు తెలుసు కదా, బకెట్ అడుగుకు, గీజర్ కాయిల్‌కు తెల్లగ సున్నం పేరుకుంటది, అదే సున్నం ఎన్‌ఆర్‌వి సీటు మీద కూడా పడతది. ఒక ఇసుక రేణువు, టెఫ్లాన్ టేప్ తునక, పైపు కోసినప్పటి పీవీసీ పొట్టు, వీట్లల్ల ఏ ఒక్కటి ఇరుక్కున్నా తలుపు పూర్తిగ పడదు. నేను పాత ఎన్‌ఆర్‌విలు ఇప్పించినప్పుడల్లా సగం వాటిల్ల రేకు సగం తెరిచి పట్టేసి ఉంటది, ఇంటాయనకు తెల్వనే తెల్వదు, ఎందుకంటే ఖరాబైందని అది చెప్పదు. బల్బు పోతే చీకటి అయితది, ఎన్‌ఆర్‌వి పోతే ఏం కాదు, నీళ్లు ఎప్పటి లెక్కనే వస్తయి. బయట దేశాలల్ల ఇట్లాంటి కాడ రెండు చెక్ వాల్వులు, నడుమ ప్రెషర్ తగ్గంగనే నీళ్లు బయటికి పారబోసే సిస్టమ్ ఉన్న పెద్ద వాల్వులు పెడతరు, కాని వాటిని ఏడాదికోసారి గేజ్ పెట్టి టెస్ట్ చేసే మనిషి ఉంటడు. మన కాడ ఎన్‌ఆర్‌వి పెట్టిన ప్లంబరే మళ్ల రాడు.

అందుకని నేను వాల్వును నమ్మ, కండ్లకు కనవడే సందును నమ్ముత. పైపు కొసకు, నీళ్ల మట్టానికి నడుమ ఖాళీ గాలి ఉండాలె. గాలి ఖరాబు కాదు, దానికి సున్నం పట్టది. లెక్క ఏందంటే ఆ సందు పైపు వ్యాసానికి రెండింతలు, ఎంత తక్కువైనా ఒక అంగుళం, అది కూడా నీళ్లు నిండి పొంగిపొర్లే అంచు నుంచి కొలవాలె, మామూలుగ ఉండే నీళ్ల మట్టం నుంచి కాదు. అరంగుళం నల్లా అయితే అంగుళం, ముప్పావు అయితే అంగుళంన్నర. నేనైతే నాలుగు వేళ్ల సందు పెట్టమంట, మేస్త్రీ చెయ్యి అటిటు అయినా మిగులుతది.

ఇప్పుడు మన నల్లగొండ జిల్లాల ఎక్కువున్న ఇంకో కష్టం. వేరే కాడ బోరు నీళ్లు లైన్ల కలిస్తే పురుగులు కలుస్తయి, క్లోరిన్ కొంతన్న చంపుతది. నల్లగొండల బోరు నీళ్లు కలిస్తే ఫ్లోరైడ్ కలుస్తది. దాన్ని క్లోరిన్ ఏం చెయ్యలేదు, కాగబెడితే పోదు, ఇంకా చిక్కబడతది. తాగే నీళ్లల్ల లీటరుకు 1 మిల్లీగ్రాము లోపల ఉండాలె, వేరే దిక్కు లేకపోతే 1.5 దాంక పర్వాలేదు అని మన దేశపు ప్రమాణం. మన బోర్లు కొన్ని దానికి ఎన్నో రెట్లు దాటుతయి, పక్క పక్క బోర్లల్లనే తేడా ఉంటది. మర్రిగూడ దిక్కు కాళ్లు వంకర పోయినోళ్లను, మెడ తిప్పలేక ఒళ్లంత తిప్పి చూసేటోళ్లను చూసినోనికి నేను వేరే చెప్పే పని లేదు. పటిక, సున్నం, బ్లీచింగ్ కలిపి ఫ్లోరైడ్ తీసే పద్ధతి నాగపూర్ల నీరి (పర్యావరణం మీద పనిచేసే కేంద్ర పరిశోధన సంస్థ) వాళ్లు తయారు చేస్తే దానికి ప్రపంచమంత నల్గొండ టెక్నిక్ అనే పేరు పడ్డది, మన ఊరి పేరు పుస్తకాలల్లకు ఎక్కింది ఇట్ల. గా నీళ్లు తాగొద్దనే కృష్ణమ్మను ఇంటింటికి తెచ్చుకున్నం, 2015ల చౌటుప్పల్ల భగీరథ పైలాన్ ఏసిన్రు, నల్లాలు బిగించిన్రు, తీరా వచ్చినంక మనమే ఒక్క టీ పెట్టి బోరు నీళ్లను మళ్ల అదే పైపుల పోస్తున్నం. నాకు దీని మీద కోపం ఎక్కువ, ఏమనుకోకు.

పక్కింటోళ్లు నిజం చెప్తున్నరా లేదా అని నీకు నువ్వే చూసుకోవచ్చు, నన్ను నమ్మే పని లేదు. జేబుల పెట్టుకునే టీడీఎస్ మీటరు (నీళ్లల్ల కరిగిన ఉప్పులు కొలిచేది) ఆన్‌లైన్ల దొరుకుతది, అది ఒకటి తెప్పియ్యి. ముందు మీ బోరు నీళ్లు కొలువు, తర్వాత నల్లా వచ్చినంక అరగంటకు ఎక్కడనన్న వీధి నల్లా నీళ్లు కొలువు. కృష్ణ నీళ్ల నంబరు తక్కువ వస్తది, బోరుది సాధారణంగ దానికి రెండు మూడింతలు ఉంటది. తెల్లారి పక్కింటోళ్ల మొదటి బిందె కొలువు. అది మీ బోరు నంబరుకు దగ్గరగ ఉండి, అరగంట తర్వాత బిందెల తగ్గిపోతే ఇగ పంచాయితీ అక్కర్లేదు. ఇంకో టెస్టు పైసా ఖర్చు లేనిది: నల్లా టైం కానప్పుడు గేటు కాడ, ఎన్‌ఆర్‌వికి వీధి దిక్కున్న నల్లా తిప్పి ఉంచు, పైపుల ఉన్న నీళ్లన్నీ కారిపోనియ్యి, ఇగ బోరు మోటరు ఎయ్యి. ఆడ నీళ్లు మొదలైనయంటే ఎన్‌ఆర్‌వి పట్టుకుంటలేదు. సన్నటి ధార అయినా సరే, రాత్రంత పోతే ఎంత పోతదో లెక్క కట్టుకో.

ఇగ వాసన సంగతి. అది మీ బోరు వల్ల కాదు, మీ మోటరు వల్ల, మీ వాడల ఉన్న అందరి మోటర్ల వల్ల. ఇక్కడ చానమంది పప్పుల కాలేస్తరు. ఎన్‌ఆర్‌వి నీ ఇంటి నుంచి లైన్లకు పోకుండ ఆపేది, లైన్ల ఉన్నది నీ ఇంట్లకు రాకుండ ఆపేది కాదు. మోటరు పెట్టి గుంజితే లైన్ల నీళ్లు ఉన్నా లేకున్నా గుంజుతది, మోనోబ్లాక్ మోటరు ఐదారు మీటర్ల లోతు నుంచి నీళ్లు లేపగలదు కదా, అంత బలంతోని నీ వీధి పైపును పీలుస్తది. పైపుకు ఎక్కడ సందు ఉంటే ఆడికెల్లి లోపలికి వస్తది. సందులు ఎక్కడ ఉంటయి? మోరి అడుగు నుంచి పోయిన సర్వీస్ పైపు జాయింటు కాడ, జేసీబీ తగిలి అతుకు ఏసిన కాడ, వాల్వు గుంతల గ్లాండ్ (వాల్వు తిప్పే కడ్డీ చుట్టు ఉండే సీలు) కారే కాడ. నీళ్లు ప్రెషర్‌ల ఉన్నప్పుడు అదే సందు నుంచి బయటికి కారుతది, మోరిల కలుస్తది, ఎవనికీ నష్టం లేదనుకుంటం. ప్రెషర్ పోంగనే అదే సందు నోరు తెరుస్తది. రాత్రంత ఇట్ల చేరిన మోరి నీళ్లే పొద్దున నీ మొదటి పది నిమిషాలు.

అన్నిటికంటే గలీజు నల్లా గుంతలు. ప్రెషర్ లేదని ఇంటి ముందట రెండు మూడు ఫీట్ల గుంత తవ్వి, దాంట్ల దిగి బిందె పెట్టుకుంటరు, వాన పడితే అది నిండుతది, బర్తన్లు తోమిన నీళ్లు పోతయి, పిల్లలు దాని పక్కనే కూసుంటరు, నల్లా మూతి ఆ నీళ్లల్లనే మునిగి ఉంటది. ఇది మన పల్లెల కథ అనుకోకు. 1969ల అమెరికాల వూస్టర్ అనే ఊర్ల హోలీ క్రాస్ కాలేజీ ఫుట్‌బాల్ జట్టుకు అంటుకున్న కామెర్లు అచ్చం ఇట్లనే. గ్రౌండుకు నీళ్లు పెట్టే నల్లాలు భూమిల గుంతలల్ల ఉన్నయి, పక్క ఇండ్ల పిల్లలకు కామెర్లు ఉన్నయి, వాళ్లు ఆడ ఆడుకున్నరు, ఆ గలీజు గుంతల చేరింది. దగ్గర్ల ఎక్కడ్నో మంటలు లేస్తే ఫైరింజన్లు నీళ్లు గుంజినయి, లైన్ల ప్రెషర్ పడిపోయింది, గుంత నీళ్లు పైపుల పోయినయి, ఆటగాళ్లు అవే తాగిన్రు. సుమారు 90 మందికి అంటింది, ఆ ఏడాది ఆటలే బంద్ పెట్టుకున్నరు. దానికంటే ముందు 1933ల షికాగోల పెద్ద హోటళ్లల్ల పాత పైపుల కలగాపులగం వల్ల అమీబా బేదులు పట్టి 98 మంది పోయిన్రు. అంత పెద్ద హోటళ్లల్లనే గట్లయింది.

మా వాడ మీటింగ్‌ల ఎంత చెప్పినా నమ్మకపోతే ఒకసారి ఇట్ల చేసిన. మేస్త్రీల కాడ మట్టం చూసే తెల్ల లెవల్ పైపు ఉంటది కదా, అది ఒకటి అడుక్కొచ్చి ఒక కొస మీది వాడ నల్లాకు గట్టిగ క్లిప్పు ఏసి, పైపు గోడకు నిలువుగ దించి, కింది కొస నల్లాకు ఐదారు ఫీట్ల కింద ఒక జగ్గుల ముంచిన, జగ్గుల తాగే నీళ్లే పోసిన, ఎందుకంటే లైన్లకు పోతయి కదా. పొద్దుగాల నీళ్లు బంద్ అయినంక అందరిని నిలబెట్టిన. మొదలు ఏం లేదు, "ఏంది సారు, మస్కా కొడుతున్నవా" అని నవ్విన్రు. కింది వాడల నల్లాలు కారుడు మొదలైనంక జగ్గుల నీళ్లు పైపుల మెల్లగ ఎక్కుడు మొదలైంది, జానెడు, మోరెడు, గోడకు బొగ్గుతోని గీతలు పెట్టుకుంట పోయిన, నాలుగు ఫీట్ల గీత దాంక ఎక్కినయి. అంటే నాలుగు ఫీట్ల గుంజుడు. జగ్గుల నీళ్లు కొంచెం దిగినయి. నవ్వినోడే ఉరికి ఇంటికి పోయి ఆళ్ల హౌజుల ఉన్న పైపు పీకి గోడకు తగిలేసిండు. మీ వార్డుల కూడా చేసి చూడు, నేను వంద మాటలు చెప్పినదానికంటే అది మంచిగ పనిజేస్తది.

ఇగ నీ ఇంట్ల పని ఎట్ల చెయ్యాలె అంటే. ముందు ఆ టీ కాడ కోసి రెండు దిక్కుల ఎండ్ క్యాప్ కొట్టు. బాల్ వాల్వు పెట్టి ఒకటి తెరిచినప్పుడు ఇంకొకటి బంద్ చేసుకుంట అని అంటవు, అందరూ అదే అంటరు, పండుగకు చుట్టాలు వచ్చిన రోజు రెండూ తెరిచే ఉంటయి. పైపే కలవొద్దు. నల్లా పైపు ఒక్కటే తీస్కపోయి సంపుల పొయ్యి. సంపు మూతి నేలకు ఒక ఫీటు మీదికి కట్టించు, లేకపోతే వాన నీళ్లు లోపలికి దుంకుతయి. నల్లా పైపు సంపు గోడ మీది భాగంల రావాలె, ఓవర్‌ఫ్లో పైపు దానికంటే కిందికి ఉండాలె, బాల్ కాక్ (నీళ్లు నిండంగనే బంద్ చేసే తేలే బంతి వాల్వు) పెడితే అది కూడా నీళ్లు నిండినప్పుడు మునగొద్దు. ఓవర్‌ఫ్లో కొసకు జాలి కట్టు, దాన్ని డైరెక్టుగ మోరి పైపుల దూర్చకు, మోరికి జానెడు మీద బయట పడనియ్యి. సెప్టిక్ ట్యాంకుకు దూరం పెట్టు, మురికి పైపుకు, మంచినీళ్ల పైపుకు 3 మీటర్ల ఎడం ఉండాలె, జాగ లేక దాటాల్సి వస్తే మంచినీళ్ల పైపు మీది నుంచి పోవాలె, కింది నుంచి కాదు. నీ మోటరు ఇగ సంపు నుంచి గుంజి ట్యాంకుకు ఎక్కిస్తది, ఎంత గుంజినా నీ నీళ్లే గుంజుతది, వీధి పైపుకు సంబంధం లేదు.

సంపుకు జాగ లేదు, పైసలు లేవు అంటే మూత ఉన్న 200 లీటర్ల డ్రమ్ము చాలు. నల్లా పైనుంచి పడాలె, మోటరు అందులకెల్లి గుంజాలె. నింపుడు కొంచెం నిదానం అయితది, అంతే.

బోరుకు వేరే చిన్న ట్యాంకు పెట్టుకో, స్నానాలకు, బట్టలకు, బర్రెలకు, చెట్లకు. వంటింట్ల ఒక నల్లా మటుకు కృష్ణ నీళ్లదే ఉండాలె. ఒకటే ట్యాంకు ఉంది రెండూ దాంట్లనే పోస్త అంటే, రెండు పైపులు వేరువేరుగ ట్యాంకు మీది నుంచి వచ్చి ఓవర్‌ఫ్లో కంటే పైన ఖాళీల పడాలె, అప్పుడు ఊరికి నష్టం లేదు, మీ పండ్లకు, బొక్కలకు మాత్రం నష్టమే, అది మీ ఇష్టం. ఇంకోటి, లెట్రిన్ల జెట్ పైపు వీధి లైనుకు డైరెక్టుగ ఉంటే దాన్ని ట్యాంకు లైనుకు మార్చు, అది బకెట్ల మునిగి ఉంటది ఎప్పుడూ.

నాలుగు రోజుల సంది వాసన వస్తుందన్నవు కాబట్టి ఇయ్యాల్టి పని వేరే ఉంది. మొదటి నీళ్లు పది పదిహేను నిమిషాలు బయటికి ఇడువు, మోటరు ఎయ్యకు. తాగే నీళ్లు బాగ తెర్లించి చల్లార్చి తాగున్రి, ఇంట్ల గర్భిణి ఉంటే ఇంకా జాగ్రత్త, నీళ్ల నుంచి వచ్చే ఈ-రకం కామెర్లు (హెపటైటిస్ ఈ) వాళ్లకు ప్రాణం మీదికి తెస్తయి. ఉన్న ట్యాంకు ఖాళీ చేసి కడిగి నింపుకోండ్రి, వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాముల మంచి బ్లీచింగ్ పౌడర్ కలిపి అరగంట నుంచి గంట ఆగి వాడున్రి, పౌడర్ పాతది, మూత తెరిచి పెట్టింది అయితే దాంట్ల క్లోరిన్ ఎగిరిపోయి ఉంటది, ఉత్త సున్నం మిగులుతది. పోరగాళ్లకు బేదులు మొదలైతే ఓఆర్‌ఎస్ పట్టి దవాఖానకు తీస్కపోవాలె, ఇండ్ల లెక్క రాసి ఆశా అక్కకు చెప్పాలె, ఒక్క వాడల ముగ్గురు నలుగురికి ఒకేసారి అంటే అది తిండిది కాదు, పైపుదే అని డౌటు పడాలె.

పంచాయతీ సెక్రెటరీని, వాటర్‌మెన్‌ను తీస్కపోయి రెండు చూపించుమను. ఒకటి, కొసకున్న ఆఖరి ఇంటి నల్లా కాడ క్లోరిన్. క్లోరిన్ చూసే ఓటీ మందు చుక్కలు ఏస్తే నీళ్లు పసుపు రావాలె, డీపీడీ అనే టెస్ట్ గోలి అయితే గులాబీ, లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాము ఉండాలె. ట్యాంకు కాడ చూసి రాసుకునుడు కాదు, ఆఖరి ఇంటి కాడ. నిన్నటి దాంక వచ్చి ఇయ్యాల రాలేదంటే నడుమ ఏదో క్లోరిన్‌ను తింటుందని అర్థం, ఆ తినేది సాధారణంగ మోరే. వచ్చినా నిమ్మళంగ ఉండొద్దు, 0.2 క్లోరిన్ మోరి నీళ్లు చారెడు చంపుతదేమో, బకెట్ అయితే చంపలేదు. రెండోది, వాల్వు గుంతలు, ఎయిర్ వాల్వులు. ఎయిర్ వాల్వు పనే లైను ఖాళీ అయ్యేటప్పుడు గాలి లోపలికి తీసుకునుడు. అది ఉన్న గుంత వాన నీళ్లతోని నిండి ఉంటే గాలికి బదులు ఆ నీళ్లు తీసుకుంటది, కంపెనీ వాల్వు, మంచి వాల్వు, దాని పని అది చేస్తది పాపం. గుంతల నీళ్లు తోడి, గ్లాండ్ తాడు మార్చి, మూత ఏపిస్తే సగం వాసన ఆ రోజే తగ్గుతది.

మోటర్లు అందరూ తీసెయ్యకుంట నేనొక్కన్ని తీస్తే నాకు నీళ్లు రావు అంటవు, అది కూడా నిజమే, దాన్ని కాదన. ఇది గొలుసు. మొదట్ల ఉన్న ఇండ్లోళ్లు నల్లాకు బిగించిన ఫ్లో కంట్రోల్ వాల్వు పీకి పారేస్తరు, వాళ్లకు ధార పెద్దగ వస్తది, కొసోళ్లకు రాదు, కొసోళ్లు గుంత తవ్వుతరు, గుంతల కూడా రాకపోతే మోటరు పెడతరు, ఒకని మోటరు చూసి ఇంకొకడు ఒక హెచ్‌పీ పెడతడు. హైదరాబాద్ జలమండలి 2025 ఎండకాలం నల్లా మోటర్లు జప్తు చేసుడు, 5 వేల జరిమానా ఏసుడు షురూ చేసింది, పట్నంల అది నడుస్తది, మన ఊర్ల సర్పంచ్ ఇంటికే మోటరు ఉంటే ఎవరు జప్తు చేస్తరు? నేను చూసిన కాడ పనిజేసింది ఒక్కటే, వాడ వాడకు టైం పంచి వేరువేరుగ వాల్వు తిప్పుడు. ఊరంతకు ఒకేసారి గంట ఇడిసేదానికి బదులు మీది వాడకు అరగంట, కింది వాడకు అరగంట. కింది వాడ వాల్వు పూర్తిగ బంద్ ఉంటే మీది వాడకు ప్రెషర్ నిలబడతది, గుంత అక్కర్లేదు, మోటరు అక్కర్లేదు, నల్లాను గోడకు రెండున్నర ఫీట్ల ఎత్తుల క్లాంపు ఏసి పెట్టుకోవచ్చు. వాటర్‌మెన్‌కు ఇంకో రెండు సార్లు వాల్వు తిప్పే కష్టం ఎక్కువ అయితది, ఆయనకు మూడు నెలల సంది జీతం రాకపోతే తిప్పడు, అది కూడా అడగాల్సిందే.

పక్కింటోళ్లకు ముందే పోయి చెప్పు, టీ కోపిస్తున్న అని, లొల్లి ఆడ్నే చల్లబడతది. క్యాప్ కొట్టినంక గేటు నల్లా టెస్టు మళ్లొకసారి చెయ్యి, బోరు మోటరు వేసి పది నిమిషాలు చూడు, చుక్క కూడా రావొద్దు. ఇంకా వస్తుందంటే గోడ లోపల ప్లంబరు ఇంకెక్కడ్నో రెండో జాయింటు ఇచ్చిండు అన్నట్టు, బాత్రూం మిక్సర్ కాడ చూడు ముందు, ఒక పిడికి బోరు, ఇంకో పిడికి నల్లా ఇచ్చి ఉంటడు, గది మనోళ్లకు అలవాటు. దొరకకపోతే పైపుల ఫొటోలు పెట్టు, గేటు నుంచి ట్యాంకు దాంక వరుసగ తియ్యి, చూసి చెప్త.